పసుపు ఫ్లోరిబండా గులాబీ: తెల్లబడే పూలు, రాలే ఆకులు

ప్రశ్న: నాలుగేళ్ల క్రితం ఇంటి ముందు తోటలో గుత్తులుగా పూసే పసుపు ఫ్లోరిబండా గులాబీ ఒకటి నాటాను. రకం పేరు రాసిన చీటీ ఎప్పుడో పోయింది. మొగ్గ నిండు పసుపుగా ఉంటుంది కానీ పువ్వు విచ్చిన మూడో రోజుకే పాలిపోయి దాదాపు తెల్లగా మారుతోంది. ఇనుము వేస్తే రంగు నిలుస్తుందని ఒకరు చెబితే అదీ వేశాను, ఫలితం లేదు. ఆకుల మీద నల్ల మచ్చలు వచ్చి, కింది నుంచి పైకి రాలిపోయి, మొక్క సగం దాకా బోసిగా నిలబడింది. గట్టిగా కత్తిరిస్తే బాగుపడుతుందన్నారని జానెడు ఎత్తు మాత్రమే ఉంచి కత్తిరించాను. అప్పుడు రెండు కొమ్మలు పైనుంచి నల్లబడి ఎండిపోయాయి. మరోవైపు మొక్క మొదలు దగ్గర నుంచి ఒక కొమ్మ మాత్రం ఏపుగా లేచింది, కానీ దానికి పూత లేదు. గుత్తిలో నడుమ పువ్వు ముందే పూసి వాడిపోతే, చుట్టూ ఉన్నవి ఆ ఎండు పువ్వును మోస్తూ విచ్చుకుంటున్నాయి. ఈ మొక్కను పీకేసి అదే గుంటలో కొత్తది నాటమంటారా?

జవాబు: పీకవద్దు, కనీసం ఇప్పుడే వద్దు. మీరు రాసిన బాధల్లో ఒకటి మొక్క స్వభావం, ఒకటి తెగులు, ఒకటి మీ కత్తెర చేసిన పని, ఒకటి పిలువని చుట్టం. పూల రంగు వెలిసిపోవడం, నల్ల మచ్చలు, కత్తిరించాక కొమ్మ ఎండడం అనే మూడింటినీ మీరు మూడు వేర్వేరు సమస్యలుగా రాశారు. పసుపు గులాబీ వంశం సంగతి తెలిస్తే ఈ మూడూ ఒకే ఇంటి నుంచి వచ్చినవని అర్థమవుతుంది కాబట్టి ముందుగా ఆ సంగతి కొంచెం చెబుతాను.

పంతొమ్మిదో శతాబ్దం ముగిసే దాకా ఐరోపా తోటల్లో నిండు పసుపు రంగుతో ఏడాదిలో పదేపదే పూసే పెద్ద పూల గులాబీ లేదనే చెప్పాలి. తెలుపు, గులాబీ, ఎరుపు ఛాయలు ఎన్నో ఉండేవి. చైనా నుంచి వచ్చిన టీ గులాబీల్లో లేత పసుపు కూడా ఉండేది కానీ అది మీగడ రంగుకు దగ్గరగా ఉండే పసుపు. కళ్లకు కొట్టే పసుపు ఉన్నది ఆసియాకు చెందిన 'రోజా ఫీటిడా' అనే జాతిలో. లాటిన్‌లో ఫీటిడా అంటే దుర్వాసన గలది అని అర్థం. ఇంత అందమైన పువ్వుకు ఆ పేరు పెట్టినవారి ముక్కును తప్పు పట్టలేము, దాని వాసన నిజంగానే అంత బాగుండదు. ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో జోసెఫ్ పెర్నే-దుషే అనే గులాబీ పెంపకందారు, ఈ జాతికి చెందిన ముద్ద పూల రకమైన 'పర్షియన్ యెల్లో' పుప్పొడితో ఏళ్ల తరబడి సంకరాలు చేసి, 1900లో 'సొలే దోర్' అనే రకాన్ని లోకానికి చూపించాడు. నేడు మనం చూసే పసుపు, నారింజ గులాబీల్లో చాలా వాటిలో ఆ రక్తం ప్రవహిస్తోంది. గుత్తులుగా పూసే ఫ్లోరిబండాలది వేరే దారి: డెన్మార్క్‌కు చెందిన పౌల్సెన్ కుటుంబం చిన్న పూల పాలియాంథా గులాబీలను పెద్ద పూల హైబ్రిడ్ టీ గులాబీలతో కలిపి వాటిని పుట్టించింది, 1924లో వచ్చిన 'ఎల్సే పౌల్సెన్' వాటిలో పేరుపొందినది. ఈ రెండు దారులూ కలిసిన చోట పసుపు ఫ్లోరిబండా పుట్టింది.

అయితే ఆ పసుపు ఒంటరిగా రాలేదు. రోజా ఫీటిడా నల్లమచ్చ తెగులుకు ఇట్టే లొంగిపోయే జాతి, కత్తెర పడితే కొమ్మ వెనక్కి ఎండిపోయే గుణం ఉన్న జాతి. పెర్నే-దుషే రకాలు ఆ రంగుతోపాటు ఈ రెండు బలహీనతలనూ వారసత్వంగా తెచ్చుకున్నాయి. వందేళ్లకు పైగా పెంపకందారులు వాటిని కొంత కొంతగా వడకడుతూ వచ్చారు, కొత్త రకాల్లో ఆ దోషాలు బాగా తగ్గాయి కూడా, కానీ పూర్తిగా పోలేదు. అందుకే ఎర్ర ఫ్లోరిబండాకు చెల్లిన మోటు సేవ పసుపు ఫ్లోరిబండాకు చెల్లదు. మీకు గట్టిగా కత్తిరించమని చెప్పినవారు అబద్ధం చెప్పలేదు, వారి తోటలో ఎర్రదో గులాబీ రంగుదో ఉండి ఉంటుంది.

ఇక రంగు సంగతి. గులాబీలో ఎరుపును ఆంథోసయనిన్‌లు, పసుపును ప్రధానంగా కెరోటినాయిడ్‌లు అనే రంగు పదార్థాలు ఇస్తాయి. మొగ్గ గట్టిగా ముడుచుకుని ఉన్నప్పుడు ఈ కెరోటినాయిడ్‌లు రేకులో చిక్కగా ఉంటాయి. పువ్వు విచ్చుకుని రేకు విశాలమయ్యే కొద్దీ పలచబడతాయి, ఎండకూ వేడికీ విరిగిపోతాయి, రేకు వయసు మీదపడే కొద్దీ మొక్కే వాటిని విచ్ఛిన్నం చేసుకుంటుంది. కాబట్టి వేసవిలో తెల్లబడిన పువ్వే చల్లని రోజుల్లో నాలుగైదు రోజులు రంగు నిలుపుకోవడం మీరు గమనించే ఉంటారు. ఇనుము వేయడం వల్ల దీనికి ఒరిగేదేమీ లేదు. లేత ఆకు పసుపుగా మారి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలినప్పుడు ఇనుము లోపమని అనుకోవాలి. అది కూడా చాలాసార్లు నేలలో ఇనుము లేక కాదు, నేల క్షారగుణం ఎక్కువై వేరు దాన్ని తీసుకోలేక. గులాబీకి నేల ఉదజని సూచిక (pH) 6 నుంచి 6.8 మధ్య ఉంటే హాయి. పూరేకు రంగు వేరు లెక్క, ఆకు రంగు వేరు లెక్క. వేసినది చాలు, ఇక ఆపండి.

వెలిసే గుణం రకాన్ని బట్టి మారుతుంది. 1960ల్లో వచ్చిన 'ఆర్థర్ బెల్' మంచి సువాసన, ఏపైన పెరుగుదల ఉన్న రకం, కానీ నిండు పసుపుగా విచ్చి మీగడ రంగులోకి దిగిపోతుంది. పువ్వుల వయసును బట్టి ఒకే గుత్తిలో మూడు ఛాయలు కనిపించడం దాని తీరు. 1950ల్లో ఇంగ్లండ్‌లో లెగ్రైస్ పుట్టించిన 'ఆల్‌గోల్డ్' ఇందుకు భిన్నం, రేకు రాలే దాకా పసుపు వదలదని పేరు తెచ్చుకున్నది, అయితే మొక్క పొట్టి, పువ్వుకు రేకులు తక్కువ. జర్మనీకి చెందిన కోర్డెస్ సంస్థ 1970ల్లో తెచ్చిన పసుపు ఫ్లోరిబండాను కొన్నిచోట్ల 'ఫ్రీజియా' అనీ, కొన్నిచోట్ల 'కొరేసియా' అనీ, మరికొన్నిచోట్ల 'సన్‌స్ప్రైట్' అనీ అమ్ముతారు. మూడు పేర్లూ ఒకే మొక్కవి, కాబట్టి మూడు కొని మూడు రకాలు నాటాననుకునే పొరపాటు చేయకండి, నేను ఒకసారి రెండు కొన్నాను. రంగు నిలకడ, సువాసన రెండూ కలిసిన రకం కావాలంటే నా ఓటు దానికే. 2006లో అమెరికాలో విడుదలైన 'జూలియా చైల్డ్' వెన్న రంగు పువ్వులది; వంటల రచయిత్రి అయిన ఆమె తన పేరు పెట్టడానికి స్వయంగా ఎంచుకున్న గులాబీ అది. ఆకు నిగనిగలాడుతూ తెగుళ్లను మిగతా పసుపు రకాలకన్నా బాగా తట్టుకుంటుంది, కాకపోతే దాని పసుపు మెత్తని పసుపు.

మీ మొక్క వర్ణన చూస్తే వెలిసిపోయే తరహా రకమే అనిపిస్తోంది. దాన్ని మార్చలేము, కానీ కొంత సర్దుబాటు చేయవచ్చు. గులాబీకి రోజుకు ఆరు గంటల ఎండ తప్పనిసరి. ఆ ఆరు గంటలూ ఉదయం నుంచి మధ్యాహ్నం మొదలయ్యే దాకా పడేలా చూసుకుని, మధ్యాహ్నం తర్వాతి తీక్షణమైన ఎండను ఏ గోడ నీడో కొంచెం అడ్డుకుంటే రంగు ఒకటి రెండు రోజులు ఎక్కువ నిలుస్తుంది. నాలుగేళ్ల మొక్కను దీనికోసం తవ్వి జరపమని మాత్రం చెప్పను. ఇంట్లో పెట్టుకోవడానికైతే గుత్తిలో ఒకటి రెండు పూలు విచ్చి మిగతావి రంగు చూపిస్తున్న దశలో తెల్లవారుజామున కోసి వెంటనే నీళ్లలో పెట్టండి, నీడ పట్టున ఆ పసుపు మీ కళ్ల ముందే ఎక్కువ కాలం ఉంటుంది. ఆపైన పాలిపోయిన పువ్వును ఒక లోపంగా కాక, గుత్తిలో చిక్కని పసుపు మొగ్గ పక్కన అది ఎలా కనిపిస్తుందో ఒకసారి దూరం నుంచి చూడండి. కొంతమంది ఆ ఛాయల కోసమే ఆ రకాన్ని వెతుక్కుని నాటుతారు.

ఇప్పుడు అసలు తెగులు, నల్లమచ్చ దగ్గరికి వద్దాం. మీ మొక్కను నిజంగా బలహీనపరుస్తున్నది ఇదే, నేను ఎక్కువ రాయదలచినదీ దీని గురించే. మచ్చ ఉన్న ఆకు ఒకటి తెంపి భూతద్దం కింద పెట్టండి. మచ్చ అంచు గీత గీసినట్టు నున్నగా ఉండదు, సిరా చుక్క కాగితం మీద పాకినట్టు పోగులు పోగులుగా చెదిరి ఉంటుంది. మచ్చ చుట్టూ ఆకు పసుపుబారి ఉంటుంది. ఈ రెండూ కనిపిస్తే అది డిప్లోకార్పన్ రోజే అనే శిలీంధ్రం, మరో అనుమానం అక్కర్లేదు. ఆకు మీద తడి దాదాపు ఏడు గంటలు ఎడతెగకుండా నిలిచినప్పుడే దీని బీజం మొలకెత్తి లోపలికి చొరబడగలుగుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతట అవే తోస్తాయి. సాయంత్రం పైపుతో మొక్క మీదంతా నీళ్లు చల్లితే ఆకు రాత్రంతా తడిగా ఉంటుంది, అంటే మీరే తెగులుకు పక్క వేసినట్టు. నీళ్లు ఉదయం పోయాలి, పాదులోనే పోయాలి. మొక్కకూ మొక్కకూ మధ్య 60 నుంచి 75 సెంటీమీటర్ల దూరం ఉంటే గాలి ఆడి మంచు తడి త్వరగా ఆరుతుంది. మీ మొక్క పక్కన మరేదైనా గుబురు పెరిగి ఆనుకుని ఉంటే దాన్ని నిర్మొహమాటంగా తగ్గించండి.

రెండోది, ఈ బీజాలు గాలిలో దూరాలు తేలిపోవు. రాలిన ఆకు మీద, కొమ్మ మీద ఊదా రంగు మరకల్లో దాక్కుని, వాన చినుకు నేలను తాకి ఎగిరినప్పుడు ఆ తుంపరలో ఎక్కి కింది ఆకును చేరతాయి. మీ మొక్క కింది నుంచి పైకి బోసి కావడానికి కారణం ఇదే. కాబట్టి పాదులో రాలిన ప్రతి ఆకునూ ఏరి తోట బయట పారేయండి, కంపోస్టు కుప్పలో వేయవద్దు. మొక్క మీద ఉన్న మచ్చల ఆకులనూ తెంపండి, కానీ ఇక్కడ ఒక హద్దు ఉంది: మొక్క ఇప్పటికే సగం బోసిగా ఉందని రాశారు, మిగిలిన వాటిలో చిన్న మచ్చ ఉన్న ప్రతి ఆకునూ తెంపుకుంటూ పోతే తిండి వండే ఆకే మిగలదు. సగానికి పైగా పచ్చగా ఉన్న ఆకును ప్రస్తుతానికి వదిలేయండి. శుభ్రం చేశాక పాదు మీద ఎండు ఆకులో, చెక్క పొట్టో, మాగిన కంపోస్టో ఐదారు సెంటీమీటర్ల మందాన పరచండి, మొదలుకు మాత్రం నాలుగు వేళ్ల దూరం వదలండి. ఇది తేమను నిలుపుతుంది, నేలను చల్లగా ఉంచుతుంది. అంతకు మించి చినుకుకూ మట్టికీ మధ్య అడ్డుగోడలా పనిచేస్తుంది.

మందు చల్లాలా అంటే, ఈ ఒక్క ఏడాదికి చల్లమంటాను. శిలీంధ్రనాశినుల్లో ఎక్కువ భాగం రాబోయే మచ్చను ఆపేవే తప్ప వచ్చిన మచ్చను చెరిపేవి కావు. అందుకే మచ్చలు చూసి బెంబేలెత్తి చల్లే మందు చాలాసార్లు వృథా అవుతుంది. కత్తిరింపు తర్వాత కొత్త చిగురు ఆకుగా విచ్చుకుంటున్నప్పుడే మొదలుపెట్టి, మీ ప్రాంతంలో ఇళ్లలో వాడకానికి అనుమతి ఉన్న మందును డబ్బా మీద రాసిన మోతాదులో, రాసిన వ్యవధి ప్రకారం, ఆకు కింది వైపు కూడా తడిసేలా చల్లండి. ఒక చెంచా ఎక్కువ వేస్తే ఎక్కువ పనిచేస్తుందనే నమ్మకం వంటింట్లోనూ చెల్లదు, ఇక్కడా చెల్లదు. వేపనూనె కొంత మేలు చేస్తుంది కానీ ఎండ వేళ చల్లితే ఆకు మాడుతుంది, గంధకం చల్లిన రోజుల్లో దాన్ని కలపకూడదు. వంటసోడా చిట్కా బూడిద తెగులు మీద కొంత పనిచేస్తుందేమో కానీ నల్లమచ్చకు దాన్ని నమ్ముకోవద్దు. బూడిద తెగులు తీరే వేరు: దానికి తడి ఆకు అవసరం లేదు, పగలు వెచ్చగా రాత్రి చల్లగా ఉండే రోజుల్లో లేత ఆకులను ముడుచుకునేలా చేస్తూ తెల్లటి పొడిలా కమ్ముతుంది. మీ ఉత్తరంలో దాని జాడ లేదు.

పసుపు, తెలుపు పువ్వులకే ప్రత్యేకంగా కనిపించే బాధ ఒకటుంది, మీరు రాయలేదు కానీ వేడి రోజుల్లో ఎదురుకావచ్చు. రేకుల అంచులు గోధుమ రంగులో కాలినట్టయి మొగ్గ సగంలో బిగుసుకుపోతే, ఆ మొగ్గను తెల్ల కాగితం మీద తట్టి చూడండి. దారపు ముక్కల్లాంటి సన్నని పురుగులు పాకితే అవి తామర పురుగులు. లేత రంగు పూల మీద అవి ఎక్కువగా వాలతాయి, వాటి గాటు ముదురు ఎరుపు రేకు మీద కన్నా పసుపు రేకు మీద స్పష్టంగా కనిపిస్తుంది. పట్టిన మొగ్గలను తుంచి పారేస్తే చాలావరకు అదుపులో ఉంటాయి.

కత్తిరింపు గురించి కొంచెం కటువుగా చెప్పాలి, ఎందుకంటే ఈ తప్పు నేనూ చేశాను. హైబ్రిడ్ టీ గులాబీకి చేసినట్టే నా పసుపు ఫ్లోరిబండాను పట్టుమని పది సెంటీమీటర్లు ఉంచకుండా కత్తిరించి, మరుసటి నెలలో బొటనవేలంత లావు కొమ్మ పైనుంచి కిందికి ఒక్కో కణుపే నల్లబడుతూ దిగిపోవడం చూస్తూ కూర్చున్నాను. ఫ్లోరిబండా అందం గుత్తుల సంఖ్యలో ఉంది, గుత్తుల సంఖ్య కొమ్మల సంఖ్యలో ఉంది. ఒకే పెద్ద పువ్వు కావాలనుకునే మొక్కకు తక్కువ కొమ్మలు ఉంచుతాం, దీనికి ఆ అవసరం లేదు. ఏటా ఒకసారి, చలి ప్రాంతాల్లో మంచు గడ్డకట్టే రోజులు దాటుతుండగా, వేడి ప్రాంతాల్లో వానలు వెళ్లి చల్లదనం మొదలవుతుండగా, మొక్క ఎత్తులో మూడో వంతు తీస్తే చాలు. 35 నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తున ఐదారు బలమైన కొమ్మలు మిగలాలి. ఒకదానికొకటి రాసుకునేవి, పెన్సిల్ కన్నా సన్నగా ఉన్నవి, నడుమకు పెరిగి గాలిని అడ్డుకునేవి తీసేయండి. కోత మొక్క బయటి వైపు చూస్తున్న కన్నుకు, అంటే చిగురు మొలిచే చోటుకు, అర సెంటీమీటరు పైన, ఆ కన్నుకు అవతలి వైపుకు వాలుగా ఉండాలి. కన్నుకు మరీ పైన కోస్తే మిగిలిన ముక్క ఎండుతుంది, ఆ ఎండే కొమ్మలోకి దిగుతుంది.

ఎండిన ఆ రెండు కొమ్మలను ఇలా చూడండి. నల్లటి భాగానికి రెండు వేళ్ల కింద కోసి, కోసిన ముఖంలో నడుమ ఉన్న బెండును చూడండి. అది గోధుమ రంగులో ఉంటే ఎండు ఇంకా కిందికి ఉందని అర్థం. మరో రెండు వేళ్లు కిందికి వచ్చి మళ్లీ కోయండి. బెండు కోసిన ముల్లంగిలా తెల్లగా కనిపించే దాకా ఆగకండి, మొదలు దాకా వెళ్లాల్సి వచ్చినా సరే. ప్రతి కోతకూ మధ్య కత్తెరను స్పిరిట్‌తో తుడవండి. మొద్దుబారిన కత్తెర కొమ్మను కోయదు, నలుపుతుంది. నలిగిన చోటే ఎండు మొదలవుతుంది కాబట్టి ముందు దాన్ని పదును పెట్టించండి.

మొక్క మొదలు దగ్గర నుంచి ఏపుగా లేచిన కొమ్మ సంగతి వేళ్లతో తేల్చాలి, కళ్లతో కాదు. తోటల్లో అమ్మే గులాబీల్లో చాలా వరకు మరో గులాబీ వేరు మీద అంటు కట్టినవే. ఆకుకు ఏడు రెక్కలుంటే అది అడుగు మొక్క, అంటే ఆ వేరున్న గులాబీ, పిలక అని చాలామంది చెబుతారు, కానీ మంచి ఫ్లోరిబండాలకు కూడా ఏడు రెక్కల ఆకులు వస్తాయి కాబట్టి ఆ లెక్కను నమ్మి మంచి కొమ్మను తెంపుకోవద్దు. పాదులో మట్టిని చేతితో మెల్లగా తోడి ఆ కొమ్మ ఎక్కడ పుట్టిందో వెతకండి. కాండం మీద ఉబ్బిన గడ్డలాంటి అంటు ముడి తగులుతుంది. కొమ్మ ఆ ముడి నుంచి గానీ, దాని పైనుంచి గానీ వచ్చి ఉంటే అది మీ పసుపు గులాబీదే, అదృష్టమే. దాన్ని మోకాలి ఎత్తున చివర తుంచితే కొమ్మలు వేసి పూస్తుంది. ముడి కింది నుంచి, వేరు నుంచి వచ్చి ఉంటే అది అడుగు మొక్కది. దాన్ని నేల మట్టానికి కోస్తే ఒకటికి మూడు లేస్తాయి. పుట్టిన చోట దాకా తవ్వి, గట్టిగా పట్టుకుని కిందికి లాగి మడమతో, అంటే అది అంటుకున్న చోటి బెరడు ముక్కతో సహా చీల్చేయండి, అక్కడ ఉన్న నిద్రకన్నులు కూడా ఊడిపోతాయి. దాన్ని అలాగే వదిలేస్తే రెండు మూడేళ్లలో చిన్న తెల్ల పూలో ముదురు ఎరుపు పూలో పూసే మరో గులాబీ మీ తోటలో మిగులుతుంది. పసుపు గులాబీ రంగు మారిపోయిందని వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం వెనుక కథ ఇదే.

ఎరువు, నీరు గురించి క్లుప్తంగా. బోసిపోయిన మొక్కను చూసి జాలితో యూరియా గుప్పించకండి. నత్రజని ఎక్కువైతే మెత్తని ఆకు పెరుగుతుంది, ఆ మెత్తని ఆకు మీదికే పేనుబంక వస్తుంది, పూత వెనకబడుతుంది. కత్తిరించిన తర్వాత బాగా మాగిన పశువుల ఎరువు రెండు మూడు దోసిళ్లు పాదులో కలిపి, ఆపైన ప్రతి విడత పూత అయ్యాక గులాబీల కోసం తయారైన, పొటాష్ ఎక్కువగా ఉన్న ఎరువును కొద్దికొద్దిగా వేయండి, ఎండిన నేల మీద కాకుండా ముందు నీరు పెట్టి తర్వాత వేయండి. రోజూ చెంబెడు పోయడం కన్నా వారానికి ఒకటి రెండు సార్లు పది లీటర్ల దాకా నింపాదిగా పోయడం మేలు, వేరు కిందికి దిగుతుంది. ఇసుక నేలైతే మరికొంచెం తరచుగా, కుండీలోనైతే పైమట్టి వేలికి పొడిగా తగిలినప్పుడల్లా.

పీకేసి అదే గుంటలో కొత్తది నాటాలా అని అడిగారు. అంటు ముడి దగ్గర బెరడు పచ్చిగా ఉండి, కనీసం రెండు కొమ్మలకు తెల్లని బెండు మిగిలి ఉంటే, వచ్చే రెండు విడతల పూత దాకా ఆగండి. ఒక విడతకూ మరో విడతకూ మధ్య వాతావరణాన్ని బట్టి ఐదు నుంచి ఏడు వారాలు పడుతుంది. ఈలోగా ముడి నుంచి ఎర్రగా, లావుగా కొత్త కొమ్మ ఒక్కటి లేచినా మొక్క బతకాలనే అనుకుంటోంది, ఉంచండి. అలా ఏదీ రాక, ఉన్నవీ వెనక్కి ఎండుతూ పోతే అప్పుడు తీసేయండి. కానీ అదే మట్టిలో కొత్త గులాబీ మాత్రం నాటవద్దు. ఏళ్ల తరబడి గులాబీ ఉన్న నేలలో కొత్త గులాబీ వేరు సరిగా పారదు, మొక్క ఎదుగూ బొదుగూ లేకుండా నిలిచిపోతుంది. వేరే చోటు లేకపోతే అర మీటరు వెడల్పు, అంతే లోతు తవ్వి ఆ మట్టిని తోటలో గులాబీ లేని చోట వేసి, అక్కడి మట్టిని కంపోస్టు కలిపి ఇక్కడ నింపండి. ఆ తవ్విన మట్టి చెడ్డది కాదు, మరే మొక్కకైనా పనికొస్తుంది. ఈసారి రకం పేరును చీటీ మీద కాక, పెన్సిల్‌తో ఒక లోహపు రేకు ముక్క మీద గీసి మొదలుకు కట్టండి. సిరా వానకు పోతుంది, గీత పోదు.

గుత్తి నడుమ పువ్వు సంగతి చివరికి ఉంచాను, అన్నిటికన్నా తేలికైనది కనుక. ఫ్లోరిబండా గుత్తిలో నడుమ మొగ్గ పెద్దది, కురచ తొడిమ మీద ఉంటుంది, చుట్టూ ఉన్న వాటికన్నా కొన్ని రోజుల ముందు విచ్చుకుంటుంది. మీరు చెప్పిన ఎండు పువ్వు అదే. గుత్తి పూర్తిగా రూపు దిద్దుకుని, నడుమ మొగ్గ బఠాణీ గింజంత ఉండి, ఆకుపచ్చ తొడుగు ఇంకా చీలకముందే, బొటనవేలు గోరును దాని తొడిమ మొదట్లో ఆనించి పక్కకు వంచండి. టక్కుమని ఊడిపోతుంది. మొగ్గ రంగు చూపించే దాకా ఆగితే తొడిమ ముదిరి మచ్చ మిగులుతుంది. ఊడిన చోటు చుట్టూ ఉన్న మొగ్గలు కొద్ది రోజుల్లో పైకి సర్దుకుని ఆ ఖాళీని కప్పేస్తాయి, తర్వాత దాదాపు ఒకేసారి విచ్చుకుంటాయి. అవి అన్నీ రాలాక గుత్తిని ఒక్కో పువ్వుగా కాక మొత్తంగా తీసేయండి. బలంగా ఉన్న మొక్కకైతే కింద మొదటి ఐదు రెక్కల ఆకు దాకా కోయవచ్చు, కానీ మీ మొక్కకు ఈ ఏడాది గుత్తి కాడ మొదలు దగ్గరే ఆగండి. దాని కింద ఉన్న ఒక్క ఆకు కూడా పోగొట్టుకునే స్థితిలో అది లేదు.